మెడ మూపు దగ్గర మొదలవుతుంది

ఐస్‌లాండ్ గుర్రాన్ని మొదటిసారి చూసేవాళ్ల కన్ను జూలు దగ్గరే ఆగిపోతుంది. ఆగక ఏం చేస్తుంది? మెడకు రెండు వైపులా విరబోసుకున్నట్టు పడే ఒత్తైన జూలు, నుదుటి మీంచి కళ్లను కప్పేసే కుచ్చు, వాటి కింద ఎక్కడో మెడ. సుమారు 140 సెంటీమీటర్ల ఎత్తున్న గుర్రానికి అంత జుట్టు ఉంటే ఎవరి మనసైనా లొంగిపోతుంది. కానీ మీరు ఆ గుర్రాన్ని కొనడానికో, మీ ఆడ గుర్రానికి జత వెతకడానికో వచ్చినవారైతే మొదట చేయాల్సిన పని ఒకటుంది. ఆ జూలును చేత్తో ఎత్తి అవతలి వైపుకు వేయండి. కన్నును కిందికి, మూపు దగ్గరికి తీసుకురండి.

మెడ మంచిచెడ్డలు తల దగ్గర తేలవు, మూపు దగ్గర తేలతాయి. అక్కడ మీకు కనబడేదాన్ని మూడు పొరలుగా విడదీయడం అలవాటు చేసుకోవాలి. ఎముక ఇచ్చింది ఎంత? కండా కొవ్వూ ఇచ్చింది ఎంత? పగ్గం పట్టుకున్న మనిషో, ఎక్కిన రౌతో ఇచ్చింది ఎంత? మొదటిది పిల్లకు దిగుతుంది. రెండోదాంట్లో కొంత దిగుతుంది, మిగతాది మేత మీదా సాధన మీదా ఆధారపడుతుంది. మూడోది ఆ సాయంత్రంతోనే పోతుంది. పెంపకందారు డబ్బూ, పదకొండు నెలల చూలు కాలమూ, ఆపైన పిల్ల ఎదిగి జీను కట్టించుకునేదాకా నాలుగైదేళ్ల ఎదురుచూపూ పెట్టేది మొదటిదాని కోసం. ఈ మూడింటినీ కలగాపులగంగా చూసినవాళ్లు మూడోదానికి డబ్బు కట్టి ఇంటికి వస్తారు.

మార్కుల పత్రంలో మెడ

ఐస్‌లాండ్‌లోనూ, ఆ జాతిని పెంచే ఇతర దేశాల్లోనూ గుర్రాలకు మార్కులు వేసే పద్ధతి ఒకటే. 1969లో ఏర్పడిన ఐస్‌లాండ్ గుర్రాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య, ఎఫ్.ఇ.ఐ.ఎఫ్., ఆ నియమాలను చూసుకుంటుంది. నాలుగేళ్లు నిండే ఏడాది నుంచి గుర్రాన్ని పూర్తి పరీక్షకు తేవచ్చు. మొదట నిలబెట్టి శరీర నిర్మాణం చూస్తారు, తర్వాత తిన్నని ట్రాక్ మీద రౌతుతో పరుగెత్తించి నడకలు చూస్తారు. ఒక్కో లక్షణానికి 5 నుంచి 10 దాకా, అర మార్కు మెట్లలో మార్కులు పడతాయి. 2020 నుంచి మొత్తంలో నిర్మాణం వాటా 35 శాతం, స్వారీ వాటా 65 శాతం. అంతకుముందు అది 40, 60గా ఉండేది. అన్నీ కలిపి 8.00 గానీ అంతకు మించి గానీ వస్తే ఆ గుర్రానికి మొదటి శ్రేణి గౌరవం.

మన అశ్వశాస్త్రాలు సుడులకు పెద్దపీట వేశాయి. ఎద్దును బేరమాడేటప్పుడు ఇప్పటికీ సుడులు వెతికే పెద్దవాళ్లు మన పల్లెల్లో ఉన్నారు. ఐస్‌లాండ్ మార్కుల పత్రంలో సుడికి గడి లేదు. తల, వీపు, అంగసౌష్ఠవం, కాళ్లు, గిట్టలు, చివరికి జూలుకూ తోకకూ కలిపి ఒక గడి ఉంది. మెడకు మాత్రం విడిగా గడి లేదు. మెడ, మూపు, భుజాలు అని మూడింటికీ కలిపి ఒకే మార్కు. నిర్మాణం మార్కుల్లో ఎక్కువ బరువున్న గడుల్లో అదొకటి. నాకు ఈ పత్రం మొత్తంలో అత్యంత తెలివైన నిర్ణయం ఇదే అనిపిస్తుంది. మెడను విడిగా చూడనివ్వకుండా అది చూసేవాడి కన్నును మొదటికే లాక్కొస్తుంది.

ఎందుకంటే గుర్రం శరీరంలో ఆ మూడూ విడిగా లేవు. మనకు ఛాతీ పైన అడ్డంగా ఉండే కాలర్ ఎముక గుర్రానికి లేదు. ముందు కాళ్లను మొండేనికి కలిపే కీలు ఒక్కటి కూడా లేదు. రెండు భుజపు పలక ఎముకల మధ్య పక్కటెముకల గూడు కండరాల జోలెలో వేలాడుతుంది. ఆ జోలెలో ముఖ్యమైన కండరం మెడ వెనక భాగపు పూసల నుంచీ పక్కటెముకల నుంచీ బయలుదేరి పలక ఎముక లోపలి వైపు అతుక్కుంటుంది. ఇంకో పొడవాటి కండరం తల వెనక నుంచి మెడ పక్కగా దిగి ముందు కాలి పై ఎముకను పట్టుకుంటుంది. మెడ స్థిరంగా ఉన్నప్పుడు అది కాలిని ముందుకు లాగుతుంది. అంటే మెడ మొదలు ఏ ఎత్తులో ఉంది, పలక ఎముక ఎంత వాలుగా ఉంది అన్నవి ముందు కాలు ఎంత పైకి, ఎంత ముందుకు వెళ్లగలదో ముందుగానే చాలావరకు నిర్ణయించేస్తాయి.

ఇంకొక సంగతి. తల వెనక నుంచి మూపు ఎముకల దాకా ఒక దృఢమైన బంధనం సాగుతుంది. గుర్రం తల దించి మేస్తున్నప్పుడు అది బిగిసి మూపు ఎముకలను ముందుకు లాగుతుంది, దాంతో వీపు పైకి లేస్తుంది. తల ఎత్తినప్పుడు ఆ బంధనం వదులవుతుంది. అప్పుడు వీపు కుంగకుండా కండరాలే మోయాలి. ఐస్‌లాండ్ గుర్రపు ప్రత్యేక నడక టోల్ట్. ఒక్కో కాలూ విడివిడిగా నేలకు తగిలే నాలుగు తాళాల నడక అది. అందులో గుర్రం ముందు భాగాన్ని తేలిక చేసుకుని మెడ ఎత్తి సాగుతుంది. మెడ మొదలే ఎత్తులో ఉన్న గుర్రానికి తల అక్కడ ఉంచడం శ్రమ కాదు. మెడ ఛాతీలో కిందుగా అతికిన గుర్రం అదే ఎత్తుకు తలను తేవాలంటే మెడను మధ్యలో విరిచి, వీపును కుంగదీసుకోవాలి. చూసేవాడికి రెండు తలలూ ఒకే ఎత్తులో కనిపిస్తాయి. ఒకటి మోస్తోంది, ఇంకొకటి బాధపడుతోంది.

ఈ తేడా ఐస్‌లాండ్‌లోనూ మొదటి నుంచీ ఇంత పట్టింపుతో చూసింది కాదు. తొమ్మిదో శతాబ్దం చివర్లో వలస వచ్చినవాళ్లు పడవల్లో తెచ్చిన గుర్రాల సంతతి అది. బయటి గుర్రాలను దేశంలోకి రానివ్వరు, దేశం దాటిన గుర్రం తిరిగి రాకూడదు. ఇరవయ్యో శతాబ్దంలో రోడ్లు వచ్చేదాకా మనుషులూ సామాన్లూ గుర్రాల మీదే కదిలారు. పంతొమ్మిదో శతాబ్దంలో వేల గుర్రాలు బ్రిటన్‌కు, అక్కడి బొగ్గుగనుల్లో లాగుడు పనికి ఎగుమతి అయ్యాయి. మూటలు మోసే గుర్రానికీ, గనిలో బండి లాగే గుర్రానికీ ఎత్తైన మెడతో పనేముంది? బలమైన, పొట్టి, కిందుగా అతికిన మెడ ఆ పనులకు సరిపోయింది. స్వారీ గుర్రంగా దాన్ని ఎంచి పెంచడం ఊపందుకున్నది ఇరవయ్యో శతాబ్దంలో. 1950లో థింగ్‌వెట్లిర్‌లో మొదటి జాతీయ గుర్రాల మేళా, ల్యాండ్స్‌మోట్, జరిగింది. ఆ తర్వాత తరాల ఎంపికలో మెడలు లేచాయి, సన్నబడ్డాయి. అయినా పాత మెడ రక్తంలో ఇంకా ఉంది. బాగా పేరున్న జంటకు పుట్టిన పిల్లలోనూ అది మళ్లీ తల ఎత్తుతుంది, లేదా ఎత్తలేకపోతుంది.

చూసే వరుస

గుర్రాన్ని చదునైన, గట్టి నేల మీద నిలబెట్టించండి. గడ్డి ఏటవాలుగా ఉంటే ఒప్పుకోకండి. ముందు కాళ్లు నాలుగు వేళ్ల ఎత్తులో ఉన్నా తక్కువ మూపున్న గుర్రం మంచిదైపోతుంది. పగ్గం పట్టుకున్న మనిషిని కాస్త వదులు చేయమనండి. గుర్రం తనంతట తాను తల ఎక్కడ పెట్టుకుంటుందో అక్కడ పెట్టుకోనివ్వండి. మీరు పక్క నుంచి, గుర్రం మొత్తం ఒక్క చూపులో ఇమిడేంత దూరంలో నిలబడండి. దగ్గరికి వెళ్లాలన్న ఆత్రం అందరికీ ఉంటుంది. ఆగండి. దగ్గరి నుంచి మెడ కనిపిస్తుంది, మెడకూ మొండేనికీ ఉన్న సంబంధం కనిపించదు.

మొదట మూపు. మెడ వెనక, వీపు ముందు, వెన్నుపూసల నుంచి పైకి పొడుచుకొచ్చిన ఎముకల కట్ట అది. ఆ ఎత్తును తుంటి ఎత్తుతో పోల్చండి. ప్రదర్శనల్లో కొలత కర్రతో రెండు చోట్లా కొలిచి నమోదు చేస్తారు, మీ దగ్గర ఆ అంకెలు ఉంటే ఇంకా మంచిది. మూపు తుంటికంటే ఎత్తుగా ఉందా, సమంగా ఉందా, పల్లంగా ఉందా? ఈ జాతిలో తుంటి ఎత్తైన గుర్రాలు తక్కువేం కాదు. మూపు ఎత్తు ఒక్కటే చాలదు, అది వీపులోకి ఎంత వెనక్కి సాగిందో కూడా చూడాలి. పొడవుగా వెనక్కి సాగిన మూపు జీనును దాని చోట నిలబెడుతుంది, రౌతు బరువును ముందు కాళ్ల మీంచి కొంచెం వెనక్కి జరుపుతుంది. గుండ్రంగా, చేత్తో తడిమినా ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియని మూపు మీద జీను ముందుకు జారుతూనే ఉంటుంది.

తర్వాత భుజం. మూపు పక్కన పలక ఎముక పై అంచును వేళ్లతో వెతికి పట్టుకోండి. అక్కడి నుంచి ఛాతీ ముందు పొడుచుకొచ్చిన భుజపు మొనకు ఒక గీత ఊహించండి. ఆ గీత వాలుగా, పొడవుగా ఉంటే ముందు కాలు చాచడానికి చోటుంది. నిటారుగా, పొట్టిగా ఉంటే అడుగు చిన్నదవుతుంది, కుదుపు పెరుగుతుంది. ఈ గీతను మొదట్లో చేత్తో తడిమి నేర్చుకోవాలి. చర్మం కింద ఎముక ఎక్కడుందో వేళ్లకు తెలిశాక కంటికి తెలుస్తుంది.

ఇప్పుడు మెడ మొదలు. మెడ కింది గీత ఛాతీలో ఎక్కడ కలుస్తోంది? భుజపు మొనకు బాగా పైనా, దాదాపు అదే మట్టంలోనా? మెడ పై గీత మూపులోకి ఎలా దిగుతోంది? సాఫీగా ఎక్కుతూ కలిసిపోతోందా, మూపు ముందు ఒక గుంట పడుతోందా? ఆ గుంట గురించి తొందరపడి తీర్పు చెప్పకండి. కండ లేక పడ్డ గుంట వేరు, ఎముక వంపు వల్ల పడ్డ గుంట వేరు. గుర్రానికి మెడలో ఏడు పూసలు, అవి పైన ఒక వంపూ కింద ఒక వంపూ తిరిగి ఉంటాయి. పూసల వరుస మెడ పై గీత వెంట పోదు. మొదట్లో అది చాలా లోతుగా, భుజాల మధ్య ఉంటుంది. కింది వంపు పొట్టిగా, లోతు తక్కువగా ఉంటే మెడ ఎత్తులో మొదలైనట్టు కనిపిస్తుంది. లోతుగా, వెడల్పుగా ఉంటే మెడ బొడ్డులాగా ముందుకు పొంగుతుంది, పైన గుంట పడుతుంది. మెడ పక్కన చెయ్యి వేసి, కండరం కింద పూసల అంచులను తడుముతూ కిందికి రండి. అవి ఎక్కడ ఛాతీలోకి మునిగిపోతాయో అదే అసలు మెడ మొదలు.

పై గీత, కింది గీతల పొడవులు పోల్చడం ఆ తర్వాతి పని. పై గీత స్పష్టంగా పొడవుగా, కింది గీత పొట్టిగా ఉంటే మెడ సహజంగా పైకి లేచి, తల దగ్గర వంగుతుంది. రెండూ సమంగా ఉంటే సామాన్యం. కింది గీతే పొడవైతే, ఎంత శిక్షణ ఇచ్చినా ఆ గుర్రం ఆకాశం చూస్తూ పరుగెత్తాలనుకుంటుంది.

చివరికి గొంతు. దవడ వెనక అంచుకూ, చెవి వెనక తగిలే మొదటి పూస రెక్కకూ మధ్య మీ రెండు వేళ్లు సులువుగా ఒదగాలి. అక్కడ చోటు లేని గుర్రం తల వంచినప్పుడల్లా దవడ మెడకు గుచ్చుకుంటుంది. మొండితనం అని మనం పేరు పెట్టేది చాలాసార్లు ఆ చోటు లేకపోవడమే. గొంతు దగ్గర సన్నగా, శుభ్రంగా కోసినట్టు ఉండే మెడకు న్యాయనిర్ణేతలు ప్రత్యేకంగా గుర్తు పెట్టుకుని మార్కు ఇస్తారు.

పొడవు గురించి ఒక్క మాట. పొడవైన మెడ అందరికీ ఇష్టం, నాకూ ఇష్టమే. కానీ మొదలు బలహీనంగా ఉండి పొడవైన మెడను నేను కోరుకోను. అది కళ్లెం దగ్గర మెత్తగా ఉన్నట్టు నటిస్తుంది. నిజానికి మధ్యలో మడతపడి, గడ్డాన్ని ఛాతీకి చేర్చి, రౌతు చేతిలోంచి తప్పించుకుంటుంది. ఎత్తులో మొదలైన కాస్త పొట్టి, కాస్త మందపు మెడ దానికంటే ఎన్నో రెట్లు నయం. మందంలో కొంత మేతతో తగ్గుతుంది. మొదలు ఎక్కడుందో అది మాత్రం చచ్చేదాకా మారదు.

కన్నును మోసం చేసేవి

అన్నిటికంటే పెద్ద మోసగత్తె కొవ్వు. ఐస్‌లాండ్ గుర్రం కొద్దిపాటి మేతతో చలికాలం గడపడానికి తయారైన శరీరం. పచ్చిక బాగా ఉన్న పొలంలో వదిలితే మెడ పై అంచున కొవ్వు గట్టిగా పేరుకుంటుంది. దూరం నుంచి చూస్తే అది వంపు తిరిగిన రాచ మెడలా ఉంటుంది. చేత్తో పట్టుకుని పక్కకు ఊపండి. మొత్తం దిమ్మలా కదిలితే అది కొవ్వు. దాన్ని మెచ్చుకోకపోగా ఆందోళన పడాలి. మెడ మీద పేరుకున్న కొవ్వు ఇన్సులిన్ గొడవలకూ, గిట్టల వాపుకూ దగ్గరి చుట్టం. 2009లో పరిశోధకులు మెడ కొవ్వుకు 0 నుంచి 5 దాకా ఒక కొలమానం ఇచ్చారు. 3 దాటిన గుర్రాన్ని చూస్తే నేను దాని నిర్మాణం మాట అటుంచి మేత గురించి అడుగుతాను. నిర్మాణాన్ని తిరిగి చూడటానికి కొన్ని నెలలు ఆగమంటాను.

మగ గుర్రాల మెడకు వయసుతో పై అంచు పెరుగుతుంది. అది హార్మోన్ల పని. కూతుళ్ల మెడలో అది కనిపించదు. అందుకే మగ గుర్రాన్ని చూడటానికి వెళ్లినవాళ్లు వీలైతే దాని తల్లినీ, దానికి పుట్టిన ఆడపిల్లలనూ చూసి రావాలి. తండ్రి మెడలో ఎముక ఎంతో కూతుళ్ల మెడలు చెబుతాయి.

చలికాలపు బొచ్చు గొంతును నింపేస్తుంది, మూపును గుండ్రం చేస్తుంది. జనవరిలో మెడకు తీర్పు చెప్పకండి. ఐస్‌లాండ్‌లో ప్రదర్శనలు వసంతం చివర, వేసవిలో జరగడం మన పనికి కలిసొచ్చే సంగతి. ఐస్‌లాండ్ నుంచి ఇతర దేశాలకు వెళ్లిన గుర్రాలకు ఇంకో బెడద ఉంది. అక్కడి చిన్న కుట్టు ఈగల వల్ల చాలావాటికి వేసవిలో చర్మం దురదపెట్టి, రాసుకుని రాసుకుని జూలు ఊడిపోతుంది, మెడ మీద చర్మం మందంగా మడతలు పడుతుంది. ఆ మందాన్ని మెడ మందంగా లెక్కేస్తే ఆ గుర్రానికి అన్యాయం చేసినట్టు.

వయసు కూడా మోసం చేస్తుంది. రెండేళ్ల, మూడేళ్ల గుర్రం తుంటి ముందు ఎదుగుతుంది, మూపు వెనకబడుతుంది, అప్పుడు ఏ మెడైనా కిందుగా కనిపిస్తుంది. ఈ జాతి నెమ్మదిగా ఎదుగుతుంది, నాలుగేళ్ల తర్వాత కూడా మూపు లేస్తుంది. చిన్న వయసులో నేను మూపు ఎత్తుకంటే భుజం వాలునూ, మెడ ఛాతీలో కలిసే చోటునూ ఎక్కువ నమ్ముతాను.

ఇక పట్టుకున్న మనిషి. అనుభవం ఉన్న చేయి పగ్గాన్ని ఎక్కడ పట్టుకోవాలో, ఎప్పుడు చిన్నగా శబ్దం చేసి గుర్రం చెవులు నిక్కించాలో బాగా ఎరుగుతుంది. గుర్రం ఒక్క క్షణం మెడ సాచి దూరంగా చూస్తుంది. ఆ క్షణంలో తీసిన ఫొటోయే అమ్మకానికి వస్తుంది. మీరు ఆ క్షణం అయ్యేదాకా ఆగి, గుర్రం విసుగొచ్చి ఊపిరి వదిలినప్పుడు చూడండి. వీలైతే పొలంలో వదిలి, ఎవరూ పట్టుకోకుండా అది నడిచి వెళ్లేటప్పుడూ చూడండి. నాకు అన్నిటికంటే నమ్మకమైన చూపు అదే.

జీను వేశాక

నిలబెట్టి చూసింది నిజమో కాదో పరుగులో తేలుతుంది. నెమ్మది టోల్ట్‌లో చూడండి, వేగంలో చాలా లోపాలు దాగిపోతాయి. రౌతు చేతులు ముందుకు ఇచ్చి పగ్గం వదులు చేసినప్పుడు మెడ అలాగే నిలుస్తోందా, ముందుకు సాగుతోందా, ఒక్కసారిగా పైకి ఎగిరి ముక్కు ముందుకొస్తోందా? మెడ కింది గీత వెంట కండ ఉబ్బి గట్టిపడి ఉంటే, ఆ గుర్రం చాలాకాలంగా వీపు కుంగదీసి తల ఎత్తుతోందని అర్థం. అది పుట్టుకతో వచ్చిన లోపమా, చెడ్డ స్వారీ చేసిన గాయమా అన్నది మూపూ భుజమూ చూసి తేల్చాలి. మొదలు బాగుండి కింది కండ ఉబ్బిన గుర్రాన్ని ఓర్పుగా, తల కిందికి సాచి నడిపిస్తూ ఏడాదిలో చాలా మార్చవచ్చు. దాన్ని సంతానానికి వదులుకోవడం నష్టం.

టోల్ట్ రావడానికి ఒక జన్యువు కావాలి. 2012లో డీఎంఆర్‌టీ3 అనే ఆ జన్యువులో మార్పును గుర్తించారు. కానీ ఆ జన్యువు ఒకేలా ఉన్న రెండు గుర్రాల టోల్ట్ ఒకేలా ఉండదు. జన్యువు నడకను ఇస్తుంది, దాని నాణ్యతను మిగతా శరీరం చూసుకుంటుంది. ఐస్‌లాండ్ శాస్త్రవేత్త తోర్వాల్దుర్ క్రిస్త్యాన్సన్ బృందం గుర్రాల శరీర కొలతలనూ స్వారీ మార్కులనూ పక్కపక్కన పెట్టి 2016లో ప్రచురించిన పరిశోధనలో, ముందు భాగం ఎత్తుగా సాగే నిర్మాణానికీ మంచి స్వారీ సామర్థ్యానికీ సంబంధం కనిపించింది. మార్కుల పత్రం మెడను మూపుతో, భుజంతో కలిపి చూడమన్నందుకు అదొక సమర్థన.

మెడను కళ్లెంతో సంపాదించాలనుకున్నప్పుడు ఏమవుతుందో కూడా ఐస్‌లాండ్ చూసింది. 2012లో పెద్ద పోటీలకు వచ్చిన గుర్రాల నోళ్లను పశువైద్యులు పరీక్షించారు. నాలుక కోసం మధ్యలో కమాను లేపిన ఒక రకం బిగింపు కళ్లెం వాడిన గుర్రాలకు కింది దవడ ఎముక మీద గాయాలు ఎక్కువగా కనిపించాయి. తర్వాత పోటీల్లో ఆ రకాన్ని నిషేధించారు. నేను ఈ సంగతిని పెంపకం అధ్యాయంలో ఎందుకు చెబుతున్నానంటే, కిందుగా అతికిన మెడతో, ఇరుకు గొంతుతో పుట్టించిన ప్రతి గుర్రాన్నీ ఎవరో ఒకరు ఏదో ఒక రోజు కళ్లెంతో సరిచేయాలని చూస్తారు. ఆ నొప్పిని పుట్టకముందే తగ్గించగలిగేది పెంపకందారు ఒక్కరే.

మార్కు వేయడం సాధన

మంచి కన్ను పుట్టుకతో రాదు, అప్పజెప్పించుకుంటే వస్తుంది. ప్రదర్శనకు వెళ్లినప్పుడు న్యాయనిర్ణేతల మార్కు బయటికి రాకముందే మీ మార్కు కాగితం మీద రాయండి. పక్కనే కారణం రాయండి. మనసులో అనుకుంటే సరిపోదు. అసలు మార్కు విన్న మరుక్షణం మనసు తన మార్కును మార్చేసుకుంటుంది. 7.5 అంటే సామాన్యం అనుకోండి. 8 అంటే చక్కగా అతికి, పైకి లేచిన మెడ, ఎక్కడో చిన్న లోటు. 8.5కి మూపూ భుజమూ కూడా మాట్లాడాలి. 9, ఆపైన అంటే పొడవు, ఎత్తు, మెత్తదనం, శుభ్రమైన గొంతు, ఎత్తైన మూపు, వాలు భుజం అన్నీ ఒకే ఒంట్లో కలిసొచ్చిన అరుదైన సంగతి. 7కి దిగితే పొట్టితనమో, కిందుగా అతకడమో, బిగుసుతనమో ఏదో ఒకటి గట్టిగా ఉన్నట్టు.

మీ మార్కుకూ వాళ్ల మార్కుకూ అర మార్కు తేడా ఉంటే పట్టించుకోకండి. ఒకటి దాటి తేడా ఉంటే, ఎప్పుడూ ఒకే వైపు తేడా వస్తుంటే అక్కడ ఆగి ఆలోచించండి. మగ గుర్రాలకు ఎప్పుడూ ఎక్కువ వేస్తున్నారా? బంగారు రంగు జూలుకు లొంగిపోతున్నారా? కన్నుకు ఉన్న పక్షపాతాలు ఆ కాగితాల్లో బయటపడతాయి. ఇంట్లో కూర్చుని కూడా ఈ సాధన చేయవచ్చు. ఈ జాతి మొత్తానికి వంశావళి, మార్కులు నమోదు చేసే వరల్డ్‌ఫెంగుర్ అనే ఒకే రిజిస్టరు ఉంది. పక్క నుంచి తీసిన ఫొటో చూసి మీ మార్కు రాసుకుని, తర్వాత ఆ గుర్రం నమోదు తెరిచి చూడండి.

జత వెతికేటప్పుడు

ఒక గుర్రానికి పడ్డ మార్కు ఆ రోజు ఆ గుర్రం చూపించింది. అది పిల్లలకు ఏమిస్తుందన్నది ఇంకో లెక్క. తల్లిదండ్రులు, తోబుట్టువులు, సంతానం అందరి మార్కులూ కలిపి అంచనా కట్టే బ్లప్ పద్ధతిని ఐస్‌లాండ్‌లో 1980ల నుంచి వాడుతున్నారు. 100 అంటే సగటు, మెడ, మూపు, భుజాలకు కూడా విడిగా అంకె ఉంటుంది. మెడ మార్కు 8.5 ఉండి అంచనా 100 దగ్గరే ఉన్న మగ గుర్రం కంటే, మార్కు 8 ఉండి అంచనా 115 ఉన్నదాన్ని నేను ఎంచుకుంటాను. శరీర నిర్మాణ లక్షణాలు ఒక మోస్తరుకు మించి వారసత్వంగా దిగుతాయి కాబట్టి ఓపిగ్గా ఎంచుకుంటే రెండు తరాల్లో తేడా కంటికి కనిపిస్తుంది.

కానీ మెడ కోసం అందరూ ఒకే ఇంటికి పరుగెత్తితే ఇంకో కష్టం వస్తుంది. 1986లో పుట్టిన మగ గుర్రం ఓర్రి ఫ్రా థూఫు ఈనాటి గుర్రాల వంశావళుల్లో ఎంత విస్తారంగా ఉన్నాడంటే, అతని రక్తం తల్లి వైపూ తండ్రి వైపూ రెండింటా లేని జత దొరకడానికే వెతుక్కోవాలి. జత ఖాయం చేసే ముందు వరల్డ్‌ఫెంగుర్‌లో ఆ ఇద్దరినీ ఊహా జంటగా పెట్టి రక్తసంబంధం శాతం చూడండి. మెడలో అర మార్కు కోసం దగ్గరి రక్తాన్ని కలపడం నాకు ఏ లెక్కనా గిట్టుబాటు అనిపించదు.

మీ ఆడ గుర్రం లోటు ఏ పొరలో ఉందో ముందు తేల్చుకోండి. మెడ మందంగా ఉండి మొదలు ఎత్తుగా ఉందనుకోండి, సన్నని మెడలనిచ్చే తండ్రి చాలు. మెడ పొడవుగా, అందంగా ఉండి మూపు తక్కువగా ఉందనుకోండి, ఎత్తైన మూపులనిచ్చే తండ్రిని వెతకండి, ఆ తండ్రి మెడ కొంచెం పొట్టిదైనా పర్వాలేదు. మెడ కిందుగా అతికి, భుజం నిటారుగా ఉండి, తుంటి ఎత్తుగా ఉన్నప్పుడు అందరూ చేసే పని, మెడలో 9 మార్కులున్న పేరుమోసిన మగ గుర్రాన్ని తెచ్చి పెద్ద ఖర్చు పెట్టడం. రెండు కొసల్ని కలిపితే మధ్య వస్తుందన్న హామీ లేదు. తండ్రి పొడవాటి మెడ, తల్లి కింది మొదలుతో కలిసి పుట్టడం బాగా చూసిన సంగతే. అలాంటి ఆడ గుర్రానికి స్వభావం బంగారం అయితే, కాళ్లు గట్టివైతే, ఒక్కసారి ప్రయత్నించండి. పుట్టిన పిల్లను మొదటి వారంలో ఒకసారి, మూడేళ్లప్పుడు ఒకసారి పక్క నుంచి ఫొటో తీసి, భుజం గీతనూ మెడ ఛాతీలో కలిసే చోటునూ తల్లి ఫొటోతో పోల్చండి. రెండూ కదలకపోతే ఆమెను ఇక స్వారీకి ఉంచుకోండి, కొండదారుల్లో ఇంటిల్లిపాదినీ మోసే గుర్రంగా ఆమె మంచి బతుకు బతుకుతుంది. పెంపకానికి ఇంకో ఆడ గుర్రాన్ని, ఈసారి మూపు చూసి, కొనండి.